ఏడో అతుకుల పుస్తకం

టైలరమ్మకి అనుమానం పుట్టుకతో వచ్చిన జబ్బు. ఎవరైనా బట్ట తెచ్చి మూడు మీటర్లుందని చెబితే, ఆ మాట వాళ్ల నోట్లో ఉండగానే టేపు తీసి కొలిచేది. మూడు మీటర్లే ఉండేది. అయినా మళ్లీ కొలిచేది, ఎందుకంటే మొదటిసారే సరిపోవడం ఆవిడకి ఇంకా అనుమానంగా ఉండేది. అరవై రెండేళ్లలో ఆవిణ్ణి నిజంగా మోసం చేసినవాళ్లు ఇద్దరో ముగ్గురో ఉంటారు. ఆవిడ అనుమానించని ఇల్లు మాత్రం ఊళ్లో ఒక్కటీ లేదు.

అలాంటి మనిషి దగ్గరికి చరిత్ర మాస్టారు తనంతట తాను వచ్చి, మీ నాన్నగారి అతుకుల పుస్తకాలు లైబ్రరీకి ఇస్తారా అని అడిగారు. ఆయన ఎక్కడో బడిలో చరిత్ర చెప్పి రిటైరై, ఏడాది కిందట ఈ ఊళ్లో ఇల్లు తీసుకుని, లైబ్రరీ వెనక గదిలో కూర్చుని ఊరి కాగితాలు పోగుచేస్తున్నారు. పాత ఉత్తరాలు, ఫొటోలు, డైరీలు, ఎవరేది తెచ్చినా నంబరు వేసి, అట్టపెట్టెలో పెట్టి, ఇనప బీరువాలో భద్రం చేస్తారు. దీనికి ఆయనకి జీతం లేదు. టైలరమ్మ మొట్టమొదట పట్టుకున్నది అదే. జీతం తీసుకునేవాడు ఎందుకొచ్చాడో తెలుస్తుంది, జీతం లేకుండా వచ్చేవాడి మనసులో ఏముందో ఎవరికి తెలుసు?

"ఇస్తే నాకేంటి, ఇవ్వకపోతే మీకేంటి?" అని అడిగింది సూదిలో దారం ఎక్కిస్తూ.

తనకి వచ్చేదీ పోయేదీ ఏమీ లేదనీ, పుస్తకాలు ట్రంకుపెట్టెలో మగ్గిపోతే మాత్రం ముప్పై ఏళ్ల ఊరు పోతుందనీ మాస్టారు చెప్పారు. ఇంత మంచి జవాబు ముందే తయారుచేసుకుని వచ్చాడని ఆవిడ అనుకుంది.

అతుకుల పుస్తకాలన్న పేరు ఆ ఇంట్లో పుట్టిందే. టైలరమ్మ నాన్న ఊరి కాలువకి కింది గేటు మనిషి. గంటగంటకీ నీటి మట్టం చూసి రాసుకోవడం, పై గేటు నుంచి ఫోనొస్తే చక్రం తిప్పి తలుపులు ఎత్తడం, దించడం ఆయన ఉద్యోగం. ప్రాణం మాత్రం కాగితాల మీద. పేపర్లో ఊరి పేరు కనిపిస్తే చాలు, కత్తెర తీసేవాడు. కొత్త కొట్టు కరపత్రం, సినిమా టిక్కెట్టు సగం ముక్క, ఎవరిదో పెళ్లి కార్డు, అగ్గిపెట్టె మీది బొమ్మ, పిల్లల మార్కుల కాగితం, ఏదైనా సరే పిండి ఉడికించి జిగురు చేసి పాత రిజిస్టర్లలో అతికించేవాడు. ఒక్కో దాని కింద అదేంటో, ఎక్కడ దొరికిందో, ఏ రోజు అతికించారో రాయాలి. ఆ రాత పని కూతురిది. తొమ్మిదో ఏట నుంచీ ఆయన అతికిస్తూ చెప్పడం, ఆవిడ నల్ల సిరాతో కింద రాయడం. నీ రాత ముత్యాలే తల్లీ, నాది కాకి గీతలు అనేవాడు. అలా పందొమ్మిది పుస్తకాలయ్యాయి.

ఆఖరికి టైలరమ్మ ఒప్పుకుంది గానీ, ఆవిడ పెట్టిన షరతులు వింటే బ్యాంకు మేనేజరు కూడా సిగ్గుపడతాడు. వారానికి ఒక్క పుస్తకమే. గురువారం తీసుకెళ్లి గురువారం తెచ్చివ్వాలి. అన్నీ చూడటం అయ్యాకే, ఇవ్వాలో వద్దో చెబుతుంది. ఇచ్చే ముందు పేజీలు లెక్కపెట్టేది, పేజీకి ఎన్ని ముక్కలున్నాయో లెక్కపెట్టేది. అది చాలక, అక్కడక్కడ రెండు పేజీల అంచులు కలిపి కంటికి కనిపించనంత సన్నని దారంతో ఒక్క కుట్టు వేసేది. కుట్టు తెగితే పేజీ తిప్పినట్టు. పుస్తకం తీసుకెళ్లేదే పేజీలు తిప్పడానికని, తిప్పకపోతేనే దొంగ అని, అప్పుడు ఆవిడకి తట్టలేదు.

మొదటి పుస్తకం తిరిగొచ్చింది. పేజీలు సరిపోయాయి, ముక్కలు సరిపోయాయి. కుట్లు తెగలేదు. మాస్టారు వాటిని సూదిమొనతో ఊడదీసి, చూడటం అయ్యాక అదే రంగు దారంతో మళ్లీ వేశారు.

"మీ నాన్నగారు వేసిన కుట్లేమో అనుకున్నానమ్మా. ఉన్నవి ఉన్నట్టు ఉండాలి కదా," అన్నారు.

టైలరమ్మ ఆ కుట్టుని భూతద్దం పెట్టి చూసింది. బాగానే ఉంది. ఇంత జాగ్రత్త ఉన్న మనిషి ఇంకా దేనికైనా సమర్థుడే అని ఆవిడకి గట్టిగా అనిపించింది.

అయినా వారాలు గడిచాయి. గురువారం వచ్చిందంటే మాస్టారు ముందుగదిలో కుట్టుమిషను పక్కన స్టూలు మీద కూర్చుని, ఈ కార్డులో పెళ్లికొడుకు ఎవరు, ఈ కొట్టు ఏ మూల ఉండేది అని అడిగేవారు. ఆవిడ చెప్పేది. అడిగినదానికి మించి ఒక్క ముక్క కూడా చెప్పేది కాదు. ఒకసారి ఆయన ముక్కల కింది రాతని చూపించి, మీ నాన్నగారి దస్తూరీ ఎంత బాగుందో, అచ్చు గుద్దినట్టుందని మెచ్చుకున్నారు. అది తన రాతేనని ఆవిడ చెప్పలేదు. ఎందుకు చెప్పాలి? అడిగితే కదా. కాకపోతే ఆ రోజు టీలో ఒక చెంచా పంచదార ఎక్కువ పడింది, అది ఆయన గమనించారో లేదో తెలియదు.

ఆరో పుస్తకం తిరిగొచ్చిన రోజు ఆవిడ ఎనిమిదోది ఇచ్చింది. మాస్టారు అట్ట మీది అంకె చూసి ఆగిపోయారు. ఏడోది ఏదని అడిగారు.

లేదంది. ఎలా లేదన్నారు. ఎలుకలు కొట్టేశాయంది. మిగతా పద్దెనిమిదిటినీ ముట్టుకోకుండా, మధ్యలో ఉన్న ఒక్కదాన్నే కొట్టేసిన ఎలుకలు ఎంత చదువుకున్నవో మరి. మాస్టారు ఆ మాట అనలేదు. పుస్తకం సంచిలో పెట్టుకుంటూ, తనలో తాను అనుకుంటున్నట్టు, "ఏడోది వరద వచ్చిన ఏడాదిది అయ్యుంటుంది," అన్నారు. అని, చెప్పులేసుకుని వెళ్లిపోయారు.

ఏడోది ట్రంకుపెట్టె అడుగున, పాత బట్టల కింద, నాడాతో కట్టి ఉంది. నాన్న పోయే ముందు ఆవిడ చెయ్యి పట్టుకుని, మిగతావి నీ ఇష్టం, ఏడోది మాత్రం ఎవరికీ ఇవ్వకు, నువ్వూ విప్పకు అన్నాడు. పోయినవాళ్ల ఫొటోలుంటాయి, చూసి బాధపడతానని అలా అన్నాడనుకుంది. ఇరవై ఏళ్లుగా ఆ నాడా విప్పలేదు. ఊరందరి మీదా అనుమానపడే మనిషికి, ఆ ఒక్క మాట మీద ఎప్పుడూ అనుమానం రాలేదు.

వరద సంగతి ఊళ్లో పెద్దవాళ్లందరికీ తెలుసు. యాభై ఒక్క ఏళ్ల కిందట, మూడు రోజులు విడవకుండా వాన కురిశాక, ఒక మధ్యాహ్నం కాలువ పొంగి పల్లపు వీధిలో తొమ్మిది మందిని తీసుకెళ్లిపోయింది. విచారణ జరిగింది. పై గేటు మనిషి, తను పన్నెండింటికే నీళ్లు వదులుతున్నానని ఫోన్ చేశాననీ, ఎంత మోగించినా కింది గేటులో ఎవరూ ఎత్తలేదనీ చెప్పాడు. టైలరమ్మ నాన్న, ఫోనే రాలేదన్నాడు. వాన చూసి తనంతట తనే పన్నెండింటికి తలుపులు ఎత్తాననీ, చెప్పాపెట్టకుండా పైవాడు నీళ్లు వదలడం వల్ల మూడింటికి ఒక్కసారిగా మీద పడ్డాయనీ చెప్పి, ఆ రోజు గంటగంటకీ రాసిన మట్టాల కాగితం బల్ల మీద పెట్టాడు. పై గేటు మనిషి దగ్గర నోటిమాట తప్ప ఏమీ లేదు. అతని ఉద్యోగం పోయింది. పల్లపు వీధి జనం అతని ఇంటి మీద రాళ్లేశారు. పెళ్లాం బిడ్డలతో ఊరొదిలి వెళ్లి, నాలుగేళ్లకి ఎక్కడో పోయాడని విన్నారు. టైలరమ్మ నాన్న మాత్రం రిటైరయ్యేదాకా ఆ గేటు దగ్గరే పనిచేశాడు. ఊళ్లో ఎవరెదురైనా, నిప్పులాంటి మనిషి అనేవారు. ఆ మాట మీదే ఆ ఇంట్లో ఇద్దరు పిల్లలు తలెత్తుకుని పెరిగారు.

ఆదివారం తమ్ముడు వచ్చాడు. బస్సు డిపోలో గుమాస్తా. అక్క దగ్గరికి ఎప్పుడొచ్చినా బాగుచేయాల్సిన చొక్కా ఒకటి చంకలో ఉంటుంది. కాలరు తిప్పి కుట్టమని చొక్కా ఇచ్చి, ఊరి కబుర్లు చెబుతూ చెబుతూ, ఆ మాస్టారు ఇంకా వస్తున్నాడా అని అడిగాడు. వస్తున్నాడంది. ఆయనెవరో నీకు తెలుసా అన్నాడు. చరిత్ర మాస్టారు అంది.

"పై గేటు ఆయన కొడుకక్కా," అన్నాడు తమ్ముడు. "మా డిపోలో పెద్దవాళ్ల బస్సు పాసుకొస్తే కాగితాల్లో చూశాను. తండ్రి పేరు అదే. వాళ్లమ్మ కూడా ఉంది, తొంభై ఏళ్లట, ఆయన దగ్గరే."

టైలరమ్మ కాలు తొక్కుడు మీదే ఉండిపోయింది, మిషను మాత్రం ఆగింది. ఇన్నాళ్లూ తను పడ్డ అనుమానం ఉత్తది కాదని తేలినప్పుడు, ఎవరికైనా కోపంతోపాటు కొంచెం సంతోషం కూడా ఉంటుంది. ఆవిడకీ కలిగింది. మొదటి రోజు నుంచీ చెబుతూనే ఉన్నాను, ఆ మనిషి నవ్వులో ఏదో ఉందని! చెప్పింది తనకి తానే అనుకోండి. ఆరు వారాలు తన టీ తాగి, తన స్టూలు మీద కూర్చుని, మెల్లగా ఏడో పుస్తకం దాకా పాక్కుంటూ వచ్చాడు. నాన్న పేరు బురదలో వెయ్యడానికే వచ్చాడు.

తమ్ముడికి గొడవలంటే పడదు. పుస్తకాన్ని పొయ్యిలో పెట్టెయ్, పీడా పోతుందన్నాడు. మచ్చలేని మనిషి కాగితం పొయ్యిలో ఎందుకు పెట్టాలిరా అని ఆవిడ వాడి మీద ఒంటికాలి మీద లేచింది. వాడు కాలరు సంగతి మరిచిపోయి, చల్లగా జారుకున్నాడు.

వాడు వెళ్లాక తలుపు గడియ పెట్టి, కిటికీ రెక్కలు మూసి, ట్రంకుపెట్టె ఖాళీ చేసింది. నాన్న విప్పొద్దన్న మాట గుర్తుంది. కానీ అవతలివాడు తాడోపేడో తేల్చుకోవడానికొచ్చినప్పుడు, మన చేతిలో ఏముందో మనకి తెలియకపోతే ఎలా? నాడా ముడి గట్టిపడి రాలేదు. కత్తెరతో కత్తిరించింది.

ముందు పేజీలన్నీ మామూలే. కొత్త బస్సు స్టాండు, ఒక ఆటల పోటీ, పళ్ల డాక్టరు కరపత్రం. మధ్యకి వచ్చేసరికి వరుసగా నాలుగు పేజీల నిండా పేపరు ముక్కలు. కింద తన చిన్నప్పటి రాతలో, ఎక్కడ దొరికాయో, అతికించిన తేదీ ఏంటో ఉన్నాయి. ఆ తేదీ చూసి మళ్లీ చూసింది. టేపు పెట్టి కొలిచినట్టు రెండుసార్లు చూసింది. అది వరద వచ్చిన రోజు.

అప్పుడు గుర్తొచ్చింది. అంతవరకూ అది వరద రోజని తన మనసులో లేదు, వానకి బడి సెలవిచ్చిన రోజని మాత్రమే ఉంది. గేటు గది కారుతోందని, కాగితాలు తడిసిపోతాయని, నాన్న వాటిని గుడ్డలో చుట్టుకుని పదకొండున్నరకి ఇంటికొచ్చాడు. జిగురు ఉడికించాడు. ఇద్దరూ బల్ల దగ్గర కూర్చున్నారు. అమ్మ రెండుసార్లు, గేటు దగ్గరికి వెళ్లరా అని అడిగింది. జిగురు చల్లారితే పట్టదు, ఈ ఒక్క పేజీ అవనీ అన్నాడు. ఆ ఒక్క పేజీ నాలుగు పేజీలయింది. తర్వాత వీధిలో ఎవరో అరుచుకుంటూ పరిగెత్తారు. నాన్న చేతికి జిగురుతోనే బయటికి దూకాడు.

తర్వాతి పేజీలో మట్టాల కాగితం ఉంది. విచారణ అయ్యాక తిరిగిచ్చేశారు కాబోలు, ఆయన దాన్ని కూడా తెచ్చి నాలుగు మూలలా శుభ్రంగా అతికించాడు. తన మెడకి ఉరి అయినా సరే, కాగితమైతే పారేయలేని మనిషి ఆయన. ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా పదమూడు వరసలు. పన్నెండింటికి, మూడు తలుపులూ పూర్తిగా ఎత్తడమైనది అని ఉంది. మచ్చ లేదు, మరక లేదు. నల్ల సిరా.

గేటు గదిలో సిరా ఉండేది కాదు. తడికి అలుక్కుపోతుందని నాన్న ఎప్పుడూ పెన్సిలుతోనే రాసేవాడు, అదీ కాకి గీతలే. ఈ రాత ముత్యాల్లా ఉంది. తనది.

చాలాసేపు ఆ నేల మీదే, చుట్టూ పాత బట్టలు పరుచుకుని కూర్చుంది. ఏడవలేదు. కోపమొచ్చింది, కానీ అది ఎవరి మీద వేయాలో ఆవిడకి తెలియలేదు. నాన్న మీద వేయడం అలవాటు లేదు. కాసేపటికి లేచి, పొయ్యి వెలిగించి, పుస్తకం పట్టుకుని నిలబడింది. పేజీ ఒక్కటి చింపి పడేస్తే సరిపోతుంది. వేలితో అంచు పట్టుకుంది కూడా. వేలు కదల్లేదు. నాన్న కూతురు మరి.

మంట ఆర్పేసి ఆలోచిస్తే, అసలు చింపాల్సిన పనేముందనిపించింది. ఈ కాగితం చూసి విచారణవాళ్లే నమ్మారు. మాస్టారు మాత్రం ఏం కనిపెడతాడు? ఆయన లెక్కలో ఆ రాత నాన్నదే. తేదీ ఉన్న ఆ నాలుగు పేజీల మాటంటావా, ఏ రాత్రో అతికించారంటే సరి. తీసుకెళ్లి మొహాన చూపించి, చూసుకున్నావుగా, ఇక మా గుమ్మం తొక్కకు అని చెప్పి రావడమే.

మర్నాడు పదింటికి పుస్తకం గుడ్డసంచిలో పెట్టుకుని లైబ్రరీకి బయల్దేరింది. దారి పొడుగునా ఎవరు నమస్కారం పెట్టినా, వీడికి తెలుసా అన్నట్టు చూసింది. మాస్టారు వెనక గదిలో ఒక్కరే ఉన్నారు. బల్ల మీద ఎవరివో పాత ఉత్తరాలు విప్పి, మీద గాజుపలక పెట్టి చదునుచేస్తున్నారు. టైలరమ్మ కూర్చోకుండానే, మీరు పై గేటు ఆయన కొడుకట కదా అని అడిగింది.

మాస్టారు నీళ్లు నమల్లేదు. అవునన్నారు. ముందే చెప్పాల్సిందనీ, చెబితే మీరు మొదటి పుస్తకం కూడా ఇచ్చేవారు కాదనీ అన్నారు. అది నిజమే కాబట్టి ఆవిడకి ఇంకా మండింది. మా నాన్న మీద బురదజల్లడానికే కదా ఈ నాటకమంతా అంది.

"కాదమ్మా," అన్నారు మాస్టారు. "మీ నాన్నగారి మీద కాదు. మా నాన్న మీద నా అనుమానం."

ఆవిడ ఆ మాటకి సిద్ధంగా లేదు. అక్కడున్న కుర్చీలో కూర్చుంది.

ఆయన చెప్పుకొచ్చారు. వరదప్పుడు ఆయనకి పద్నాలుగేళ్లు. ఇంటి మీద రాళ్లు పడుతుంటే బల్ల కింద దాక్కున్నారు. పన్నెండింటికి ఫోన్ చేశానని నాన్న బతికినన్నాళ్లూ చెబుతూనే ఉన్నాడు, ఆఖరి జ్వరంలో కూడా అదే మాట. వాళ్లమ్మ ఒక్కరోజు కూడా అనుమానపడలేదు. నలుగురి ఇళ్లల్లో గిన్నెలు తోమి పిల్లల్ని పెంచింది గానీ, ఆయన అబద్ధమాడారని ఎవరంటే వాళ్ల మీదికి వెళ్లింది. ఈయన మాత్రం, అమ్మ దగ్గర తలూపుతూనే, లోపల నమ్మలేదు. కాగితం ఉంది కదా అనుకునేవారు. కాగితం అబద్ధమెందుకు చెబుతుంది? బడిలో నలభై ఏళ్లు పిల్లలకి అదే చెప్పారు, మాట కన్నా కాగితం గట్టిదని. చచ్చేలోగా ఆ కాగితాన్ని ఒక్కసారి కళ్లతో చూడాలని ఈ ఊరొచ్చారు.

టైలరమ్మ సంచిలోంచి పుస్తకం తీసి బల్ల మీద పెట్టింది. ఆ పేజీ దగ్గరే తెరిచి పెట్టింది.

మాస్టారు కళ్లజోడు తుడుచుకుని వంగి చదివారు. వేలు పేజీకి తగలకుండా ఒక్కో వరసా చూసుకుంటూ కిందికొచ్చారు. పన్నెండు గంటల దగ్గర ఆగారు. మళ్లీ మొదటికెళ్లి చదివారు. తర్వాత కళ్లజోడు తీసి పక్కన పెట్టారు.

"అదే రాత," అన్నారు. "ఆరు పుస్తకాల్లో చూశాను కదా, మీ నాన్నగారిదే. ఎక్కడా తడబాటు లేదు." పుస్తకం మీంచి తల తిప్పుకుని, "అయితే మా నాన్నే అబద్ధమాడాడన్నమాట. నాకు తెలుసులెండి. మా అమ్మకి మాత్రం చెప్పను," అన్నారు.

ఇక లేచి సంచి సర్దుకుని ఇంటికి పోవచ్చు. అనుకున్నదానికన్నా తేలిగ్గా అయిపోయింది. ఆయన ఇంక అడగడు, ఎవరూ అడగరు. నాన్న నిప్పులాంటి మనిషిగా ఇనప బీరువాలో నంబరు వేయించుకుని కూర్చుంటాడు. టైలరమ్మ సంచి అందుకుంది. ఎదురుగా ఆ ముసలాయన, చొక్కా అంచుతో పొడి కళ్లజోడునే మళ్లీ తుడుస్తున్నాడు. జీవితమంతా తప్పు మనిషిని అనుమానించినవాళ్లు ఆ గదిలో ఇద్దరున్నారని ఆవిడకి అప్పుడు తెలిసింది. ఆయనకి తెలియదు. ఆవిడ చెబితే తప్ప తెలియదు.

"అది మా నాన్న రాత కాదు మాస్టారూ," అంది. "నాది."

ఆయనకి అర్థం కాలేదు. పుస్తకాల్లో రాతంతా తనదేననీ, తొమ్మిదో ఏట నుంచీ తనే రాసేదాన్ననీ, నాన్న పెన్సిలుతో తప్ప మట్టాలు రాసేవాడు కాదనీ చెప్పింది. పేజీ వెనక్కి తిప్పి తేదీలు చూపించింది. పదకొండున్నర నుంచి వీధిలో అరుపులు వినబడేదాకా ఆయన ఇంట్లోనే ఉన్నాడనీ, జిగురు చల్లారిపోతుందని లేవలేదనీ చెప్పింది. మధ్యలో ఎక్కడా ఆగలేదు. ఆగితే మళ్లీ మొదలుపెట్టలేనని భయం.

మాస్టారు పేజీ ముందుకి తిప్పి మట్టాల కాగితాన్ని మళ్లీ చూశారు. మర్నాడు చెయ్యి నొప్పితో మీచేత రాయించి ఉండొచ్చు కదా అన్నారు. తడిసిపోయిన అసలు కాగితం చూసి చెప్పి ఉండొచ్చు కదా. పాపం, నలభై ఏళ్ల అలవాటు, తనకి లాభమున్నచోట కూడా సాక్ష్యం రెండు వైపులా చూస్తున్నారు.

"చేతికి కట్టు ఉంది, నిజమే. చక్రం తిప్పి చర్మం ఊడిపోయింది," అంది టైలరమ్మ. "కానీ చేతిలో కాగితమేమీ లేదు. గోడకేసి చూస్తూ చెప్పాడు. ఒంటిగంట దగ్గరికొచ్చేసరికి ఆగి నన్నడిగాడు, 'తల్లీ, ఇంతకుముందు ఎంత వేశాం?' అని. ఏడున్నర నాన్నా అన్నాను. 'అయితే దీనికి ఏడుంముప్పావు వెయ్యి' అన్నాడు. నన్ను అడిగాడని నేనెంత మురిసిపోయానో."

మాస్టారు ఉత్తరాల మీది గాజుపలక సరిచేశారు, అది సరిగానే ఉంది. పుస్తకం మూసి ఆవిడ వైపు జరిపారు. ఇవ్వడమూ మానడమూ మీ ఇష్టం, నేను అడగను అన్నారు. తర్వాత, ఒక్క పని మాత్రం చేస్తారా అని అడిగారు. ఇదంతా మా అమ్మకి చెబుతారా?

పుస్తకం బల్ల మీదే వదిలేసి ఆవిడ లేచింది.

ఇల్లు లైబ్రరీ వెనక రెండో వీధిలో. ముందుగదిలో కిటికీ పక్కన మంచం మీద ముసలావిడ కూర్చుని పాత స్వెట్టరు ఊడదీసి, ఊలు ఉండ చుడుతోంది. మాస్టారు చెవి దగ్గర వంగి, కింది గేటు ఆయన కూతురమ్మా అని చెప్పారు. ముసలావిడ చేతులు ఆగాయి. టైలరమ్మని పైనుంచి కిందిదాకా చూసింది, కూర్చోమని అనలేదు. మాస్టారు తలుపు దగ్గరికి వెళ్లి నిలబడ్డారు.

టైలరమ్మ మెల్లగా చెప్పింది. ముసలావిడకి వినబడలేదు. చెవిలో చెప్పబోతే, దూరంగా ఉండి చెప్పు, అందరూ చెప్పినట్టే గట్టిగా చెప్పు అంది. కిటికీ తెరిచే ఉంది. వీధిలో కుళాయి దగ్గర మనుషులున్నారు. నోట్లోంచి ఒక్క మాట ఉత్తపుణ్యానికి రానివ్వని టైలరమ్మ, కిటికీ మూయమని అడగబోయి మానేసింది. గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది.

"మీ ఆయన ఫోన్ చేశారు," అని అరిచి చెప్పింది. "మా నాన్న గేటు దగ్గర లేడు. ఇంట్లో ఉన్నాడు. ఆ కాగితం అబద్ధం. అది నేనే రాశాను."

కుళాయి దగ్గర మాటలు ఆగిపోయాయి. ముసలావిడ కోపంగా చూడలేదు, సంతోషంగానూ చూడలేదు. కొంతసేపు ఊలు ఉండ కేసి చూసుకుంది. తర్వాత టైలరమ్మని దాటి, తలుపు దగ్గర నిలబడ్డ కొడుకు వైపు తల తిప్పింది.

"విన్నావా?" అంది.

అరవై అయిదేళ్ల మాస్టారు తలెత్తలేదు. "విన్నానమ్మా," అన్నారు.